తప్పనిసరి శిక్షణ గురించి ఉపాధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపాధి, శిక్షణ శాఖల మంత్రి గారికి నమస్కారాలతో,

నిరుద్యోగ భృతి పొందుతున్నవారు మీ శాఖ నిర్వహించే ఉద్యోగ సన్నద్ధత శిక్షణకు తప్పనిసరిగా హాజరు కావాలనీ, సరైన కారణం లేకుండా గైర్హాజరైతే భృతి నిలిపివేస్తామనీ తెలిపే ఉత్తర్వు అందుకున్నవారిలో నేనూ ఉన్నాను. ప్రస్తుతం ఆ శిక్షణకు వెళ్తున్నాను. దాన్ని రద్దు చేయమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. పని పోయినవారికి ప్రజాధనంతో ఏదైనా నేర్పించాలన్న ఆలోచన మంచిదే. భృతి ఇస్తున్న ప్రభుత్వం మా నుంచి కొంత ప్రయత్నాన్ని కోరవచ్చన్న మాటనూ నేను కాదనను. నా అభ్యంతరమల్లా ఈ ఉత్తర్వు బాధ్యతను ఒకవైపే మోపడం గురించి. మేము రాకపోతే శిక్ష ఉంది. వచ్చినవారికి పనికొచ్చేది నేర్పకపోతే ఎవరూ ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు.

మా బ్యాచ్‌నే తీసుకోండి. చాలా ఏళ్లు అకౌంట్స్ విభాగంలో పనిచేసి, సంస్థ మూతపడటంతో ఉద్యోగం పోగొట్టుకున్న పెద్దాయన ఉన్నారు. డిగ్రీ పూర్తయినా ఇంతవరకూ ఏ ఉద్యోగమూ చేయని అమ్మాయి ఉంది. పిల్లల పెంపకం కోసం ఉద్యోగం మానేసి, ఇప్పుడు తిరిగి పనిలో చేరాలనుకుంటున్న తల్లి ఉన్నారు. యంత్రాల పనిలో చేయి తిరిగినా కంప్యూటర్ ముందు తడబడే కార్మికుడు ఉన్నారు. వీరందరికీ ఒకే గదిలో, ఒకే పుస్తకం నుంచి, ఒకే వరుసలో పాఠాలు చెబుతున్నారు: తమను తాము ఎలా పరిచయం చేసుకోవాలి, రెజ్యూమే ఎలా రాయాలి, ఇంటర్వ్యూకి ఎలాంటి దుస్తులు వేసుకోవాలి, ఆశావహ దృక్పథం ఎలా అలవరచుకోవాలి. కొత్తగా పట్టా పుచ్చుకున్న అమ్మాయికి వీటిలో కొన్ని నిజంగానే ఉపయోగపడ్డాయి. ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. కానీ తానే ఎంతోమందిని ఇంటర్వ్యూ చేసి ఉద్యోగాల్లోకి తీసుకున్న పెద్దాయనకు ఇంటర్వ్యూ గదిలో ఎలా కూర్చోవాలో నేర్పవలసి వచ్చినప్పుడు, ఆయన కంటే ట్రైనరే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. కార్మికుడి సంగతి వేరు. దరఖాస్తులన్నీ ఆన్‌లైన్‌లోనే పెట్టాల్సిన ఈ రోజుల్లో ఆయనకు కావలసింది కొన్ని వారాల కీబోర్డు సాధన, పక్కన ఓపికగా కూర్చుని చూపించే మనిషి. పాఠ్య ప్రణాళికలో దానికి కేటాయించింది ఒక్క పూట.

ట్రైనర్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వారిలో చాలామంది తామే కాంట్రాక్టు మీద పనిచేస్తున్నవారు. పాఠాన్ని మార్చే అధికారం వారికి లేదు, ఒక్కొక్కరి రెజ్యూమేను విడిగా చూసే తీరికా లేదు. సాయంత్రానికి వారు పైకి పంపవలసింది హాజరు వివరాలు మాత్రమే.

ఆ హాజరు దగ్గరే అసలు చిక్కు ఉంది. ఉదయం వేలిముద్ర, సాయంత్రం వేలిముద్ర. మధ్యలో ఇంటర్వ్యూ కోసం వెళ్లాలంటే, పిలిచిన సంస్థ నుంచి లిఖితపూర్వకంగా ఆధారం తీసుకురావాలి. ఈ నిబంధన రాసినవారు ఈ మధ్యకాలంలో ఉద్యోగం కోసం వెతికి ఉండరని అనుకోవడానికి నన్ను క్షమించాలి. చిన్న సంస్థలు ఇంటర్వ్యూకి ఉత్తరం పంపవు; ఫోన్ చేసి ‘మధ్యాహ్నం ఒకసారి రాగలరా’ అని అడుగుతాయి. ఆ ఫోన్ వచ్చినప్పుడు క్లాసులో ఉన్న మనిషి ఎత్తకూడదు, ఎత్తినా వెంటనే బయలుదేరకూడదు. బయలుదేరితే, వచ్చే ఉద్యోగం వస్తుందో రాదో తెలియదు గానీ ఉన్న భృతి పోతుందన్న భయం మాత్రం ఖాయం. ఇంకా ఉద్యోగమే ఇవ్వని యజమానిని ‘నేను నిరుద్యోగిని, మీ దగ్గరికి వచ్చినట్టు ఒక కాగితం రాసివ్వండి’ అని అడగడం ఎంత ఇబ్బందో, అలా అడిగిన మనిషి గురించి ఆ యజమాని ఏమనుకుంటాడో మీరే ఊహించగలరు. మా బ్యాచ్‌లో ఇలా పిలుపు వచ్చినా వెళ్లకుండా ఉండిపోయినవారు ఉన్నారు. ఉద్యోగం వెతకడానికి తోడ్పడాలని పెట్టిన కార్యక్రమమే ఉద్యోగం వెతకడానికి అడ్డు తగులుతోంది.

ఇది మా ఒక్క బ్యాచ్ సమస్య కాదు. శిక్షణ నడుస్తున్నంతకాలం అభ్యర్థులు తక్కువగా వెతుకుతారనీ, అందువల్ల ఆ కాలంలో వారికి పని దొరికే అవకాశం తగ్గుతుందనీ ఆర్థికవేత్తలు అనేక దేశాల్లో గమనించారు. డేవిడ్ కార్డ్, యోహెన్ క్లూవ్, ఆండ్రియా వెబర్ అనే పరిశోధకులు 200కు పైగా అధ్యయనాలను ఒకచోట చేర్చి 2018లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, నైపుణ్యం పెంచే శిక్షణల ఫలితం మొదట్లో దాదాపు కనిపించదు. కోర్సు ముగిసిన రెండు మూడేళ్లకు గానీ అది స్పష్టం కాదు. అంటే నిజమైన నైపుణ్యం నేర్పే కోర్సు అయితే ఈ నష్టాన్ని భరించవచ్చు, తర్వాత లాభంతో పూడుతుంది. ఏ చేతిపనీ, ఏ సాఫ్ట్‌వేరూ, ఏ లైసెన్సూ నేర్పని కోర్సులో నష్టం మాత్రం అంతే ఉంటుంది, పూడ్చే లాభమే ఉండదు.

శిక్షణ తప్పనిసరి చేశాక భృతి తీసుకునేవారి సంఖ్య తగ్గిందని మీ అధికారులు మీకు చెప్పవచ్చు. తగ్గి ఉండవచ్చు కూడా. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో 1990ల మధ్యలో సరిగ్గా ఇదే జరిగింది. నిరుద్యోగ భృతి కోరినవారిలో కొందరిని లాటరీ పద్ధతిలో ఎంచి, శిక్షణ వంటి సేవలకు తప్పనిసరిగా హాజరు కావాలని ఉత్తరాలు పంపారు. అలా పిలుపు అందుకున్నవారు మిగతావారి కంటే సగటున రెండు వారాలకు కాస్త ఎక్కువే ముందుగా భృతి వదులుకున్నారని, ఆ తర్వాత వారి సంపాదన కూడా కొంత మెరుగుపడిందని 2003లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అయితే ఈ తేడాలో ఎక్కువ భాగం శిక్షణ పూర్తి చేసుకుని వెళ్లినవారి వల్ల వచ్చింది కాదు. ఉత్తరం అందగానే, క్లాసు మొదలుకాక ముందే భృతి వదులుకున్నవారి వల్ల వచ్చింది. ఆ ఫలితం నిజమే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ అది పోస్టు ఖర్చుతో వచ్చిన ఫలితం. త్వరగా పని దొరకబుచ్చుకోగలిగినవారు ఉత్తరానికే కదిలిపోతారు. ఆ తర్వాత క్లాసులో మిగిలేది ఉత్తరంతో కదలలేనివారు: వయసు మీద పడినవారు, తమ వృత్తికే గిరాకీ పోయినవారు, ఇంట్లో రోగినో పసిపిల్లనో చూసుకోవలసినవారు. ఖర్చంతా వారి పేరుమీద జరుగుతోంది. ఉత్తరం సాధించిన ఫలితాన్ని క్లాసు ఖాతాలో వేసి, ఈ మిగిలినవారికి ఏమి అందుతోందో చూడకుండా సంతృప్తి పడటం మంచి పాలన అనిపించుకోదు.

శిక్షణ సంస్థలకు హాజరును బట్టి కాకుండా ఉద్యోగాలను బట్టి డబ్బు చెల్లిస్తే అన్నీ చక్కబడతాయని కూడా ఒక సూచన వినిపిస్తూ ఉంటుంది. నాకు దాని మీదా పూర్తి నమ్మకం లేదు. 1982 నాటి ఉద్యోగ శిక్షణ చట్టం కింద అమెరికా ఆ దారిలోనే నడిచింది. కోర్సు ముగిసిన తేదీన అభ్యర్థి ఉద్యోగంలో ఉన్నాడా లేదా అన్నది కొలమానంగా పెట్టగా, కొన్ని కేంద్రాలు ఉద్యోగం దొరికేదాకా అభ్యర్థి కోర్సు ముగిసినట్టు రాయడమే వాయిదా వేశాయని తర్వాతి పరిశోధనల్లో బయటపడింది. ఎలాగూ ఉద్యోగం దొరికేవారినే ఎంచి చేర్చుకునే అలవాటు గురించి కూడా అప్పట్లో పెద్ద చర్చే జరిగింది. అదే చట్టం కింద దాదాపు 20,000 మందితో, ఎవరిని చేర్చుకోవాలో లాటరీతో నిర్ణయించి చేసిన పరిశీలనలో పెద్దవారికి కొద్దిపాటి మేలు కనిపించింది. యువతకు చెప్పుకోదగ్గ మేలేమీ కనిపించలేదు. కొలమానం ఏదైనా దాన్ని ఎలా గట్టెక్కాలో సంస్థలు నేర్చుకుంటాయి. కాబట్టి కోర్సు ముగిసిన నాటి లెక్క కాక, రెండేళ్ల తర్వాత ఆ మనిషి ఎక్కడ ఉన్నాడో, ఎంత సంపాదిస్తున్నాడో మీ శాఖే స్వయంగా చూసి, సంస్థలవారీగా ప్రజల ముందు పెట్టాలని కోరుతున్నాను.

ఇవే గదులను, ఇదే సమయాన్ని మరోలా వాడవచ్చు. 1975లో నాథన్ ఆజ్రిన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు అమెరికాలో ఒక చిన్న ప్రయోగం చేశారు. నిరుద్యోగులను గుంపుగా చేర్చి, ఉద్యోగం ఎలా వెతకాలో ఉపన్యసించడానికి బదులు అక్కడే కూర్చుని వెతికించారు. ఫోన్లు అందుబాటులో ఉంచారు. ఒకరికి తెలిసిన ఖాళీ ఇంకొకరికి చెప్పుకునే ఏర్పాటు చేశారు. ఇద్దరిద్దరిని జత చేసి ఒకరికొకరు తోడుండేలా చూశారు. రెండు నెలల్లో ఆ గుంపులో 90 శాతం మందికి పని దొరకగా, అటువంటి సహాయం లేని గుంపులో 55 శాతం మందికే దొరికింది. ఒక్క చిన్న ప్రయోగం మీద ఒక దేశపు విధానం కట్టలేమన్నది నిజమే. అయినా, మా బ్యాచ్‌లో అకౌంట్స్ పెద్దాయనకు తెలిసిన సంస్థల పేర్లు ఆ డిగ్రీ అమ్మాయికి చేరితే ఎంత ఉపయోగమో నేను కళ్లారా చూస్తున్నాను. ప్రస్తుతం ఆ సమాచారం చేతులు మారుతున్నది క్లాసులో కాదు, భోజన విరామంలో.

రోజూ ఒక వేళకు లేచి ఒకచోటికి వెళ్లడమే నిరుద్యోగికి మేలని కొందరు అంటారు. అందులోనూ కొంత నిజముంది. 1930ల మొదట్లో ఆస్ట్రియాలోని మరియెంతాల్ గ్రామంలో బట్టల మిల్లు మూతపడ్డాక మరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అక్కడ చేసిన పరిశోధన, పని పోయిన మనుషులకు కాలం మీద పట్టు ఎలా సడలిపోతుందో చూపింది. చేతినిండా సమయం ఉన్నవారు ఊళ్లోని గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చుకోవడం కూడా తగ్గించేశారు. అదే ప్రాంతంలో 2020లో ఆస్ట్రియా ఉపాధి సంస్థ ఒక హామీ పథకాన్ని ప్రారంభించింది. ఏడాదికి పైగా పని లేనివారికి ముందు ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి శిక్షణ, ఆ వెనుకే ఒప్పందం ప్రకారం జీతం వచ్చే ఉద్యోగం. పాల్గొన్నవారి ఆదాయమే కాక, రోజుకు ఒక క్రమం, నలుగురితో సంబంధాలు, తమ పనికి విలువ ఉందన్న భావన కూడా మెరుగుపడ్డాయని పరిశోధకులు నమోదు చేశారు. శారీరక ఆరోగ్యంలో మాత్రం మార్పు కనిపించలేదని కూడా రాశారు. ఇక్కడ క్రమాన్ని తెచ్చింది హాజరు పట్టీ కాదు. శిక్షణకు అవతలివైపు ఉద్యోగం ఉందని అందరికీ తెలియడం.

శిక్షల విషయం ఒకటి మిగిలింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1988లో ఆమోదించిన 168వ ఒడంబడిక, నిరుద్యోగికి చూపించిన ఉద్యోగం తగినదా కాదా అని నిర్ణయించేటప్పుడు అతని వయసు, వెనుకటి వృత్తి అనుభవం, ఎంతకాలంగా పని లేదన్నది, కుటుంబ పరిస్థితి వంటివి లెక్కలోకి తీసుకోవాలంటుంది. అది ఉద్యోగాల గురించి చెప్పిన మాటే అయినా, కాదంటే భృతి పోయే శిక్షణకు మాత్రం ఎందుకు వర్తించకూడదు? అదే సంస్థ 1975లో ఆమోదించిన 142వ ఒడంబడిక, వృత్తి శిక్షణ మనిషి స్వప్రయోజనానికీ, అతని ఆకాంక్షలకూ అనుగుణంగా ఉండాలని స్పష్టంగా కోరుతుంది. ఈ స్ఫూర్తితో, ఎవరినైనా కోర్సుకు పంపే ముందు ఒక అధికారి వారితో విడిగా కూర్చుని మాట్లాడాలనీ, ఒకటికి మించిన కోర్సుల్లోంచి ఎంచుకోనివ్వాలనీ, పంపిన కోర్సు ఎందుకు తగినదో రాతపూర్వకంగా తెలపాలనీ మనవి చేస్తున్నాను. భృతి ఆపే ముందు సంజాయిషీ వినాలి, అప్పీలు తేలేదాకా చెల్లింపు కొనసాగాలి. ఆ డబ్బు మీద ఇల్లు గడుస్తున్నవారికి, తర్వాత ఎప్పుడో వచ్చే న్యాయం అప్పులు తీర్చదు. రాకపోకల ఖర్చులూ, పిల్లలను చూసుకునే ఏర్పాటూ కూడా శిక్షణ ఖర్చులో భాగంగానే లెక్కించాలి.

వీటిలో కొన్నింటికి బడ్జెట్ కావాలనీ, కొన్నింటికి నిబంధనల సవరణ కావాలనీ నాకు తెలుసు. వాటికి సమయం పడుతుంది. ఇంటర్వ్యూ అనుమతి విషయానికి మాత్రం అవేవీ అక్కర్లేదు. ఇంటర్వ్యూకి వెళ్లినట్టు అభ్యర్థి స్వయంగా రాసిచ్చే ధ్రువీకరణను సరైన కారణంగా అంగీకరించాలనీ, కావాలంటే తర్వాత కొన్నింటిని ఎంచి తనిఖీ చేసుకోవచ్చనీ మీ శాఖ ఒక్క సర్క్యులర్ జారీ చేస్తే సరిపోతుంది. తర్వాతి బ్యాచ్ మొదలయ్యే లోపు ఆ సర్క్యులర్ వెలువడేలా చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ శాఖ శిక్షణకు హాజరవుతున్న ఒక ఉద్యోగార్థి