సీసం బుల్లెట్ల పోత మొదలుపెట్టాలనుకునే మా వినియోగదారులకు

డాలస్ పరిసరాల్లోని మా చిన్న దుకాణంలో ఇంతవరకు అమ్ముతూ వచ్చిన పెద్ద ఆరంభ కిట్‌ను ఈ నెల నుంచి నిలిపివేస్తున్నాము. 20 పౌండ్ల విద్యుత్ కుండ, ఒకేసారి ఆరు బుల్లెట్లు పోయగల ఆరు గూళ్ల అచ్చు, బుల్లెట్‌కు కందెన పట్టించి సరైన వ్యాసానికి తెచ్చే ప్రెస్, గట్టి మిశ్రమపు దిమ్మెలు అందులో ఉండేవి. దాని మీద మాకు మిగిలేది ఎక్కువే గాని, కొత్తగా మొదలుపెట్టేవారికి అందులో సగం సామానుతో పని ఉండదు. ఇకపై 10 పౌండ్ల కుండ, రెండు గూళ్ల అల్యూమినియం అచ్చు, థర్మామీటర్, పొడవాటి కాడ గల గరిటె, బుల్లెట్లకు పూసే కందెన అయిన ద్రవ ఆలాక్స్ ఒక సీసా మాత్రమే ఇస్తాము. మొదటి అచ్చుగా .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటాకు సరిపోయే 158 గ్రెయిన్ల బరువు బుల్లెట్ అచ్చును సూచిస్తున్నాము, ఎందుకంటే తక్కువ పీడనంతో, తక్కువ వేగంతో పనిచేసే ఆ తూటాలో చిన్న చిన్న లోపాలు పెద్దగా బాధించవు. పౌండుకు 7000 గ్రెయిన్లు కనుక ఒక్క పౌండు మిశ్రమం నుంచి 44 బుల్లెట్లు వస్తాయి. నేర్చుకోవడానికి చిన్న కుండ చాలునని ఈ లెక్కే చెబుతుంది.

మమ్మల్ని ఎక్కువమంది అడిగేది ఇంకా గట్టి మిశ్రమం. బ్యారెల్‌లో సీసం అంటుకుంటున్నదంటే బుల్లెట్ మెత్తగా ఉండడమే కారణమని వారి నమ్మకం. బ్రినెల్ కొలమానంలో శుద్ధ సీసం గట్టిదనం సుమారు 5. 90 పాళ్ల సీసానికి 5 పాళ్ల తగరం, 5 పాళ్ల ఆంటిమొనీ చేర్చిన లైమన్ నంబర్ 2 మిశ్రమానిది 15. ఒకప్పుడు అచ్చుయంత్రాలకు వాడిన లైనోటైప్ లోహానిది 22. కాని .38 స్పెషల్ వేగానికి 10 చుట్టుపక్కల ఉంటే చాలు. సీసం అంటుకోవడానికి చాలా సందర్భాల్లో అసలు కారణం బుల్లెట్ బ్యారెల్‌కు వదులుగా ఉండడం. ఆ సందులోంచి దూసుకుపోయే వేడి వాయువులు బుల్లెట్ అంచును కోసి, ఆ సీసాన్ని గొట్టానికి పూస్తాయి. మరీ గట్టి బుల్లెట్ అయితే పీడనానికి ఉబ్బి ఆ సందును మూయలేదు కనుక, డబ్బు ఎక్కువ పెట్టి ఇబ్బందిని పెంచుకున్నట్లవుతుంది. అందువల్ల మిశ్రమం కొనే ముందు, తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకొని, మెత్తని సీసపు ముక్కను బ్యారెల్ గుండా నెట్టి మైక్రోమీటర్‌తో కొలవండి. బుల్లెట్ వ్యాసం ఆ కొలత కంటే అంగుళంలో వెయ్యో వంతు ఎక్కువ ఉండాలి, 0.357 వస్తే 0.358 అన్నమాట. రివాల్వర్ అయితే సిలిండర్ గదుల ముందు భాగాన్ని కూడా కొలవడం మరవవద్దు. అచ్చు నిండుగా పోతపడడానికి 2 శాతం తగరం సరిపోతుంది; సీసం కంటే పది రెట్లకు పైగా ధర పలికే ఆ లోహాన్ని అంతకు మించి కలపమని మేము చెప్పము.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. పోతకు 370 డిగ్రీలు, అంటే ఇక్కడి థర్మామీటర్ల మీద 700 ఫారెన్‌హీట్, మంచి ఆరంభం. బుల్లెట్ల మీద ముడతలు కనిపిస్తే అచ్చు చల్లగా ఉన్నదనో, దాని లోపల నూనె మిగిలి ఉన్నదనో అర్థం. మంచు పట్టినట్లు తెల్లగా వస్తే వేడి ఎక్కువైంది గాని ఆ బుల్లెట్లు పనికివస్తాయి. పైకి తేలిన తెట్టును వెంటనే తీసి పారవేయకుండా, కాస్త రంపపు పొట్టు వేసి బాగా కలిపితే ఆక్సైడ్‌గా మారిన తగరం తిరిగి మిశ్రమంలో కలుస్తుంది. చక్రాల సమతూకానికి బిగించే టైర్ల బరువులు సేకరించి కరిగించేవారు జింకు ముక్కలను ముందే ఏరివేయాలి, లేదా వేడిని జింకు కరిగే 419 డిగ్రీలకు బాగా దిగువన ఉంచి, తేలిన వాటిని తీసివేయాలి. కారు బ్యాటరీల సీసం మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దు; ఆమ్లం సంగతి అలా ఉంచితే, అందులోని లోహాల వల్ల విషవాయువులు పుట్టే ప్రమాదం ఉంది.

కందెన విషయంలో సలహా చిన్నది: తక్కువ వాడండి. ద్రవ ఆలాక్స్‌ను డబ్బాలో బుల్లెట్ల మీద కొద్దిగా పోసి, లేత గోధుమరంగు పొర పట్టేదాకా దొర్లించి, మైనపు కాగితం మీద రాత్రంతా ఆరనిస్తే సరిపోతుంది. మరుసటి రోజు కూడా చేతికి జిగురుగా తగిలితే పూత మందమైందని గ్రహించాలి. తేనెమైనం, ఆలాక్స్ సమపాళ్లలో కలిపిన పాతకాలపు మిశ్రమం బుల్లెట్ గాడుల్లో నింపడానికి నేటికీ బాగానే పనిచేస్తుంది. నెలకు వందల కొద్దీ బుల్లెట్లు పోసే దశకు చేరినప్పుడు ప్రెస్ కొనవచ్చు. గ్లాక్ వంటి పాలిగొనల్ రైఫ్లింగ్ (బ్యారెల్ లోపల పదునైన అంచుల గాడులకు బదులు గుండ్రని మలుపులు) గల పిస్టళ్లకు తొడుగు లేని సీసం బుల్లెట్లు వద్దని తయారీదారులే చెబుతారు కనుక, ఆ పిస్టల్ ఉన్నవారు ముందు మాతో మాట్లాడండి.

ఇక చోటు సంగతి కాస్త వివరంగా చెప్పక తప్పదు. మన ఇళ్లలో గ్యారేజీ అంటే కారు ఒక్కటే కాదు: బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు, వేపుళ్ల వాసన ఇంట్లోకి రాకుండా పెట్టుకున్న రెండో పొయ్యి కూడా అక్కడే ఉంటాయి. ఆ చోట సీసం కరిగించవద్దు. పోత వేడిలో సీసం ఆవిరి కావడం బహు స్వల్పం. ప్రమాదమంతా తెట్టు పొడిలోను, చేతులకు అంటిన మసిలోను ఉంది, పైగా మనం చేత్తో కలుపుకొని తినేవాళ్లం. పిల్లల రక్తంలో సీసానికి సురక్షితమైన స్థాయి అంటూ లేదని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది; 2021లో తన హెచ్చరిక పరిమితిని డెసిలీటర్‌కు 3.5 మైక్రోగ్రాములకు తగ్గించింది. గాలి ఆడే వేరే షెడ్డులోనో పెరట్లో కప్పు కిందనో పని పెట్టుకోండి, ఆ బట్టలు విడిగా ఉతకండి, సీసానికి వాడిన గిన్నె, గరిటె మళ్లీ వంటింటి ముఖం చూడకూడదు, ఏడాదికొకసారి రక్తపరీక్ష చేయించుకోండి. కరిగిన సీసంలో ఒక్క నీటి చుక్క మునిగినా అది ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని చిమ్ముతుంది. కాబట్టి తడి దిమ్మెలు వేయవద్దు, వాన పడుతుంటే పని వద్దు, లుంగీతో చెప్పులతో అసలే వద్దు. ముఖ కవచం, తోలు చేతిగవుసులు, మూసిన బూట్లు ఉంటేనే కుండ వెలిగించండి.

వీసాల గురించి సూటిగా చెబుతాము. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఇక్కడికి వచ్చినవారు తుపాకులు గాని మందుగుండు గాని కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. ఆ చట్టం దృష్టిలో విడి బుల్లెట్ కూడా మందుగుండే, మీరు ఇంట్లో పోసినదైనా సరే. అందువల్ల ఇకపై ఆర్డరు తీసుకునే ముందు ఈ విషయం అడుగుతాము; ఎవరూ మరోలా అనుకోవద్దు. సొంతానికి పోసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కరలేదు గాని, పోసి అమ్మాలంటే కావాలి. ఊళ్లో బంధువుల కోసం అచ్చు పంపమని అడిగేవారికి మా జవాబు మారదు: భారతదేశపు 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం మందుగుండు భాగాలు, వాటిని తయారుచేసే సామగ్రి కూడా లైసెన్సు పరిధిలోకి వస్తాయి కనుక అక్కడికి ఏదీ పంపము.

పాత కిట్ కొని ఇంకా పెట్టె తెరవనివారు ప్రెస్‌ను, గట్టి దిమ్మెలను తిరిగి తెస్తే పూర్తి డబ్బు ఇస్తాము. వాడిన కుండలను మాత్రం తీసుకోలేము.