14416లో ఆ రాత్రి నాతో మాట్లాడినావిడకు

నిద్ర సరిగ్గా లేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి. ఇప్పుడు రాయకపోతే మళ్లీ రాయలేను.

మా టీమ్‌లో ఒకమ్మాయికి ఈమధ్య చాలా కష్టమైన రాత్రి వచ్చింది. పేరు, ఊరు, కారణం ఏవీ రాయను. ఈ మాత్రం రాయడానికి తనే ఒప్పుకుంది. "ఉద్యోగమే కాదు మేడమ్, ఇంకేమీ వద్దనిపిస్తోంది" అని అర్ధరాత్రి దాటాక మెసేజ్ పెట్టింది. హైదరాబాద్‌లో కాల్ సెంటర్ షిఫ్టులు నడిపేదాన్ని, కేకలేసే కస్టమర్లంటే నాకు లెక్కలేదు. ఆ మెసేజ్ చూసి మాత్రం చేతులు వణికాయి. 14416కి ఫోన్ చేశాను. టెలి మానస్ అంటారు, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, 2022 అక్టోబర్ నుంచి ఉంది. ఏ వేళప్పుడు చేసినా ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఎత్తినావిడ పేరు నాకు తెలియదు. కంగారు పెట్టకుండా అడిగారు: తను ఒక్కతే ఉందా, పక్కన ఎవరున్నారు అని. రూమ్మేట్‌ని లైన్లోకి తీసుకోమన్నారు. తెల్లారేదాకా ఒంటరిగా వదలొద్దని, పొద్దున్నే ఎర్రగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్లమని ఆ పిల్లకి నిదానంగా చెప్పారు. "నేనూ వెళ్తాను, మనసులో ఉన్నదంతా నాతో చెప్పుకోమంటాను" అన్నాను. దానికి ఆవిడ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "వెళ్లండి, తోడుండండి మేడమ్. అన్నీ మాత్రం అడక్కండి. రేపు ఆ అమ్మాయి మళ్లీ మీ దగ్గరే పని చేయాలి కదా. కొన్నైనా మీకు తెలియకుండా ఉంటేనే తలెత్తుకుని ఆఫీసుకు రాగలదు."

మేనేజర్ ట్రైనింగుల్లో "మరీ దగ్గరవకండి" అని చెప్తూనే ఉంటారు. అదంతా కంపెనీ జాగ్రత్త కోసమే. ఆ దూరం ఎదుటి పిల్ల పరువు కోసం కూడా అని నాకు చెప్పింది ఈవిడే.

పెట్టేసే ముందు, "మరి మీరు ఎవరితో చెప్పుకుంటారు?" అన్నారు. అంతే, వెక్కివెక్కి ఏడ్చాను. ఆవిడ ఫోన్ పెట్టలేదు.

మావారూ అత్తయ్యా పిల్లల్ని చూసుకున్నారు, వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఒకటి మాత్రం చెప్పాలి. మా ఆఫీసు గోడల నిండా వెల్‌నెస్ పోస్టర్లే, ఈ నంబరు ఒక్కదాని మీదా లేదు. తను రాని రోజులు నా ష్రింకేజ్ (పనికి దొరకని గంటల) లెక్కలో పడ్డాయి, తనకేమో జీతం కోత. పైనుంచి "జబ్బేమిటో రాయించుకు రమ్మనండి" అని మెయిల్. మానసిక ఆరోగ్య వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు పేషెంట్‌కి 2017 చట్టమే ఇచ్చింది సార్. విశ్రాంతి అవసరం అని డాక్టర్ రాస్తే చాలదా? ప్రతి నెలా ఈఎస్‌ఐ కోస్తారు గానీ, అర్హత ఉంటే జబ్బు సెలవుకి ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం వస్తుందని హెచ్‌ఆర్ ఒక్కసారైనా చెప్పిందా? డిస్పెన్సరీలో చీటీలు రాసే పెద్దాయన చెప్పారు, ఫారం కూడా ఆయనే నింపించారు. ఆయనకి దండం.

అయ్యో, రూమ్మేట్‌ని మర్చిపోయాను! కన్ను మూయలేదమ్మా నువ్వు. ఆసుపత్రి దగ్గర వెయిటింగ్ డబ్బులు వద్దన్న ఆటో అన్నకి, కారణం అడక్కుండా నా షిఫ్టు పంచుకున్న టీమ్ లీడ్లిద్దరికీ థాంక్స్. సెక్యూరిటీ తాతగారూ, మీ గొడుగు నా దగ్గరే ఉండిపోయింది, సోమవారం తెస్తాను.