గని ప్రమాదం గురించి రాయడానికి సాయపడిన వారికి నా కృతజ్ఞతలు

గోదావరిఖని ప్రాంతంలోని ఒక భూగర్భ గనిలో పైకప్పు కూలడం, ఆ తరువాత మూడు కుటుంబాల బతుకులు ఏమయ్యాయన్నది వస్తువుగా నేను రాస్తున్న నవల రాతప్రతి ఈ వారం పూర్తయింది. ప్రమాదం జరిగే అధ్యాయాన్ని, దాని వెంట వచ్చే అధ్యాయాలను నేనొక్కణ్ణే ఇంట్లో కూర్చుని రాయగలిగేవాణ్ణి కాను. బాయి (గని) పని చేసి రిటైరైన ఒక సపోర్ట్‌మన్ (పైకప్పు కూలకుండా ఆధారాలు నిలిపే కార్మికుడు), గనుల రెస్క్యూలో శిక్షణ పొందిన ఒక కార్మికుడు, ఒక ఎముకల డాక్టరు, హైదరాబాదులో పనిచేసే ఒక క్లినికల్ సైకాలజిస్టు, అందరికన్నా ముఖ్యంగా గనిలో భర్తను పోగొట్టుకున్న ఒక అక్క తమ సమయాన్ని, తమ జ్ఞాపకాలను నాకిచ్చారు. తమ పేర్లు బయటికి రాకూడదని వారు కోరారు కాబట్టి పేర్లు రాయడం లేదు గాని, ఎవరి వల్ల ఈ పుస్తకంలోకి ఏం వచ్చిందో పదిమందిలో చెప్పడం నా విధి అనుకుంటున్నాను.

ముందుగా ఒక మాట చెప్పాలి. సింగరేణి ప్రాంతంలో గని ప్రమాదమంటే ఎక్కడో జరిగిన వార్త కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అలాంటి ప్రమాదాల్లో పోయినవారి భార్యలు, పిల్లలు, తోటి కార్మికులు ఇవాళ పుస్తకం చేతిలోకి తీసుకోగలిగిన వాళ్లే. ఏ పేజీలోనైనా తమ ఇంటి మనిషి కనబడతాడేమోనని వెతుక్కోగల వాళ్లే. అందువల్ల జరిగిన ఏ ప్రమాదాన్నీ నవలలోకి ఎత్తుకోకూడదని, గని పేరు, నంబరు, సంవత్సరం అన్నీ కల్పితంగానే ఉండాలని, ఈ మధ్య మనిషిని పోగొట్టుకున్న ఏ ఇంటి గుమ్మమూ తొక్కకూడదని మొదటే నిర్ణయించుకున్నాను. ఈ హద్దుల్లో ఉంటూనే నిజానికి దగ్గరగా రాయడం ఎలాగో నాకు నేర్పినవారు వీరంతా.

సపోర్ట్‌మన్‌గా పనిచేసిన కాకా దగ్గర నేను నేర్చుకున్నది ప్రమాదం గురించి కన్నా పని గురించి ఎక్కువ. ఆయన నన్ను ఇంటి ముందు కూర్చోబెట్టుకుని, పైకప్పును కొట్టి చూసే పద్ధతిని ఇనుప కడ్డీతో గోడ మీద కొట్టి మరీ చూపించారు. "గట్టి రూఫు ఖంగుమంటది బిడ్డా, పొర ఊడింది బొదబొద మోగుతది, ఆ తేడా చెవికి తెల్వాలె" అన్నారు. కర్ర ఆధారం బరువెక్కినప్పుడు విరిగే ముందు చిటపటలాడుతుందని, ఆ చప్పుడు విని వెనక్కి జరిగి బతికినవాళ్లు ఉన్నారని, ఇనుము అంత ముందుగా చెప్పదని, అందుకే పాత కార్మికులకు కర్ర మీదే గురి అని వివరించారు. డీపిల్లరింగులో, అంటే పైబరువును మోస్తున్న బొగ్గు స్తంభాలనే వెనక్కి వస్తూ తీసేసే పనిలో, గోఫ్ వైపు నుంచి, అంటే బొగ్గు తీసేశాక ఖాళీ అయిన భాగం నుంచి, వచ్చే ప్రతి చప్పుడూ లెక్కలోకి వస్తుందని చెప్పారు. మనుషులు ఎలా పోయారన్న ప్రశ్న నేను వేయలేదు. ఆయనా ఆ వైపు వెళ్లలేదు. అయినా, ఒక షిఫ్టులో మనుషులు ఏం విని, ఏం చూసి, ఏది పట్టించుకోకుండా పని సాగిస్తారో తెలిసిన తరువాత ప్రమాద దృశ్యానికి కావలసిన భయమంతా నాకు అక్కడే దొరికింది. ఇప్పుడు నవలలో కూలడమన్నది ఒక్క పేరాలో అయిపోతుంది. దాని ముందు పాఠకుడు ఆ చప్పుళ్లను చాలాసేపు వింటాడు.

రెస్క్యూలో పనిచేసిన అన్నకు నేను రుణపడిన విషయం ఒకటుంది. బండ కింద మనిషి గొంతు వినబడుతూ ఉన్నా పరుగెత్తి వెళ్లకూడదని, ముందు తలమీది పైకప్పుకు ఆధారాలు పెట్టుకుంటూ అడుగడుగుగా పోవాలని, లేకపోతే కాపాడబోయినవాళ్లు కూడా బండల కింద పడిపోతారని ఆయన చెప్పారు. ఆ వేచి ఉండే సమయంలో లోపలి మనిషితో ఏం మాట్లాడతారని అడిగాను. ఇంటి సంగతులు మాట్లాడతామని, పిల్లల చదువుల గురించి అడుగుతామని, ఎంతసేపు పడుతుందన్న దానికి మాత్రం అబద్ధం చెప్పబోమని అన్నారు. ప్రమాదాలను గురించి కథల్లో వచ్చే అరుపులు, పెద్ద పెద్ద మాటలు ఏవీ అందులో లేవు. నా నవలలో ఆ సంభాషణ ఆయన చెప్పిన తీరులోనే, ఎవరి కుటుంబానికీ చెందని కల్పిత వివరాలతో ఉంది.

ఆయన మాటకు కొనసాగింపు డాక్టరుగారి దగ్గర దొరికింది. కాళ్లు బండ కింద గంటల తరబడి నలిగిన మనిషి బయటికి తీసేదాకా మామూలుగా మాట్లాడుతూ ఉండి, బరువు తీసిన కాసేపటికే ప్రాణం మీదికి తెచ్చుకోవచ్చని ఆయన వివరించారు. నలిగిన కండరాల నుంచి పొటాషియం, మయోగ్లోబిన్ అనే కండరాల ప్రోటీన్ ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి, మొదటిది గుండె లయను తప్పిస్తే, రెండోది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో లండన్ మీద బాంబులు పడినప్పుడు శిథిలాల కింద నుంచి తీసిన మనుషుల్లో ఈ లక్షణాలను బైవాటర్స్, బీల్ అనే వైద్యులు గమనించి 1941లో ప్రచురించారు. దీన్నే క్రష్ సిండ్రోమ్ అంటారు. అందుకే బండ ఎత్తకముందే, మనిషి ఇంకా లోపలే ఉండగానే సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాలి. ఈ ఒక్క విషయం నా కథ నడకనే మార్చింది. బయటపడ్డాడని అందరూ ఊపిరి పీల్చుకున్న తరువాతి గంటే ఇప్పుడు నవలకు గుండెకాయ. గాయాల వర్ణన ఎంతవరకు అవసరమని నేను అడిగినప్పుడు, ఆ మనిషి పక్కన ఉన్నవాడికి టోపీ దీపం వెలుతురులో ఎంత కనబడుతుందో అంతే రాయండి అని ఆయన ఇచ్చిన సలహాను తు.చ. తప్పకుండా పాటించాను.

సైకాలజిస్టుగారు లేకపోతే నేను అక్క ఇంటికి వెళ్లేవాణ్ణే కాదు. పెద్ద ప్రమాదం వంటి దెబ్బ తరువాత మనసును వదలకుండా వేధించే స్థితిని పీటీఎస్‌డీ అన్న పేరుతో అమెరికా మనోవైద్యుల సంఘం తన వర్గీకరణలో చేర్చింది 1980లోనే గాని, దాన్ని ఎదుర్కొంటున్న మనుషులు ఎప్పటి నుంచో ఉన్నారని ఆమె గుర్తు చేశారు. బాధను ఒక్కసారి కూర్చోబెట్టి కక్కిస్తే మనసు తేలికపడుతుందన్న నమ్మకం మనలో చాలా బలంగా ఉంది. అలా ఒకేసారి చెప్పించడం వల్ల పీటీఎస్‌డీ రాకుండా ఆగదని అధ్యయనాలు తేల్చాయని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని కూడా ఏం జరిగిందో చెప్పమని ఎవరినీ ఒత్తిడి చేయవద్దంటుందని ఆమె చెప్పారు. అటువంటప్పుడు ఒక నవల కోసం ఒత్తిడి చేసే హక్కు రచయితకు ఎక్కడిది? ప్రశ్నలు ముందే పంపమన్నారు. ప్రమాదంతో మొదలుపెట్టకుండా మామూలు రోజులతో మొదలుపెట్టమన్నారు. గుర్తులు ముక్కలు ముక్కలుగా, వరుస తప్పి వస్తే సరిదిద్దవద్దని, లేచి వచ్చేముందు మాటను తప్పనిసరిగా ఇవాళ్టి రోజుకు, వాళ్ల ఇప్పటి పనులకు తీసుకురమ్మని చెప్పారు. వర్ధంతి దగ్గరపడే రోజుల్లో అసలు ఫోన్ చేయవద్దన్నారు. నవలా రచనకు సంబంధించి నాకు అందిన పాఠాల్లో ఇంతకన్నా విలువైనది లేదు.

ఇక అక్క గురించి. ఆమెకు నన్ను పరిచయం చేసింది కాకాయే. నేను రాసేది కథ అని, అందులో ఆమె గాని ఆమె భర్త గాని ఉండరని, ఆమె చెప్పిన ఏ సంగతినైనా పుస్తకం అచ్చయ్యేలోపు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని ముందే చెప్పాను. రికార్డరు పెట్టలేదు. ఆమె చాలాసేపు కాలనీలోని క్వార్టరు గురించి, ఇంటి ముందు పెంచిన బీరపాదు గురించి, రెండో షిఫ్టు ఉన్న వారాల్లో అన్నం ఎన్నింటికి వండేదో దాని గురించి చెప్పారు. తరువాత తనంతట తానే ఆ రోజు దగ్గరికి వచ్చారు. దెబ్బ తగిలిందని, ఆస్పత్రికి తీసుకుపోయారని మాత్రమే ఇంటికొచ్చినవాళ్లు చెప్పారట. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఆమె అన్నం వార్చి, స్టవ్ ఆపి, గిన్నె మీద మూత పెట్టి, తాళం వేసి అప్పుడు బయలుదేరారు. "గంత నిమ్మళంగ ఎట్ల ఉన్ననో నాకే సమజ్ గాదు తమ్మీ, నాకు ఆయన మీద పాణం లేదనుకున్నరేమో అని ఏండ్లు కుమిలిన" అన్నారు.

ఆమె అనుమతితో ఈ మాటను సైకాలజిస్టుగారికి చెప్పాను. పెద్ద దెబ్బ తగిలిన తొలి క్షణాల్లో చేతులు అలవాటైన పనిని అలాగే పూర్తి చేయడం చాలామందిలో కనిపిస్తుందని, దానికీ ప్రేమకూ ఏ సంబంధమూ లేదని ఆమె ఇచ్చిన జవాబును అక్కకు ఫోనులో చదివి వినిపించాను. అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ఈ ముక్క పుస్తకంలో పెట్టు, నా లాంటి వాళ్లకు పనికొస్తది అన్నారు. అందుకే నవలలో ఒక స్త్రీ అన్నం వార్చి బయలుదేరుతుంది. మరో సంగతి కూడా ఆమె చెప్పారు, అది మాత్రం రాయవద్దన్నారు. అది నా నోటుపుస్తకంలో కూడా లేదు.

పాత భద్రతా వారోత్సవాల కరపత్రాలను చూడనిచ్చిన యూనియన్ మిత్రులకు, చట్టం సంగతులు చూసిపెట్టిన వకీలు మిత్రుడికి కూడా నా ధన్యవాదాలు. ప్రాణనష్టం జరిగిన చోటును తనిఖీ అధికారులు వచ్చేదాకా కదపకూడదని, మనుషులను కాపాడడానికి, మృతదేహాలను తీయడానికి, మరో ప్రమాదం జరగకుండా చూడడానికి వంటి అవసరాలకు తప్ప ఏదీ ముట్టుకోకూడదని 1952 గనుల చట్టం చెప్పేదని ఆయన చూపించినందువల్లే, టిఫిను డబ్బా అక్కడే ఉండిపోయే దృశ్యం నవలలోకి వచ్చింది. రాతప్రతి చదివి, ఒక ఏడుపు దృశ్యం మరీ పొడుగైందని నిర్మొహమాటంగా చెప్పిన కాకా మనవరాలికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఆ దృశ్యం ఇప్పుడు సగమే ఉంది.

సాయపడిన ప్రతి ఒక్కరికీ తమ మాటలతో సంబంధమున్న పేజీల ప్రతిని ఈ నెలలోనే అందజేస్తాను. కంటిచూపు మందగించిన కాకాకు నేనే వెళ్లి చదివి వినిపిస్తాను. ఏ వాక్యమైనా తీసేయాలనిపిస్తే కారణం చెప్పనక్కర లేదు, తీసేయమని ఒక్క మాట చాలు. మీరందరూ సరేనన్న తరువాతే రాతప్రతి అచ్చుకు వెళుతుంది.