టాపర్ వద్దు మామా

మామా,

నీ మెసేజ్ చూశా. మన పక్క పదో తరగతి టాపర్ ఎవరైనా ఉంటే చెప్పు, నేను చదివిస్తా అన్నావు. సంతోషం. కానీ టాపర్ జోలికి మాత్రం పోవద్దు. రిజల్ట్స్ వచ్చిన రోజే ఆ పిల్లకి నాయకుల శాలువాలు, కార్పొరేట్ కాలేజీ ఫ్రీ సీటు. ఇవేవీ లేకున్నా ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఉండనే ఉంది, 2008లో దాన్ని పెట్టిందే పల్లెటూరి పిల్లల కోసం. నువ్వు చూడాల్సింది అత్తెసరు మార్కులతో నెట్టుకొచ్చేవాళ్లని, అందులోనూ సుగ్గికి, అంటే కూలి కోసం వలస పోయే ఇళ్ల పిల్లల్ని.

ఊరొదిలి చాన్నాళ్లయింది కదా, నీకు గుర్తుందో లేదో. మన కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పక్క పత్తి పనులు అయిపోతే ఊళ్లు సగం ఖాళీ. కూలీల్ని తీసుకుపోయే మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్స్ అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది, ఇంటిల్లిపాదీ గుంటూరు మిరప కోతకి బండెక్కాల్సిందే. పదో తరగతి పరీక్షలు మార్చిలో, కోత జోరూ అప్పుడే. ఎదిగిన పిల్ల కూడా వస్తే ఇంకో కూలి.

నువ్వు ఫీజు ఫీజు అంటున్నావు గానీ సర్కారు బడిలో ఫీజెక్కడిది? పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్నం అన్నం అక్కడే ఇస్తారు. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద పిల్లకి 13,000 చొప్పున అమ్మల ఖాతాల్లో పడ్డాయి. అయితే మేస్త్రీ బాకీ ముందు అవెంతసేపు నిలుస్తాయి? అసలు చిక్కు వేరే. అమ్మానాన్న పోయాక పిల్ల ఎవరి దగ్గరుండాలి, రాత్రికేం తినాలి? వలస పోయినోళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లున్నాయి గానీ అందరికీ అందవు.

మొన్న ఒకింటికి పోయా. అవ్వ, మనవరాలు ఇద్దరే. అవ్వకొచ్చే 4,000 పెన్షన్‌లోనే మందులూ, ఉప్పూ పప్పూ. పిల్ల గడప మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. పోయినేడు తనూ కోతకి పోయిందట. "చేతులు మండితే పెరుగు పూసుకుని పడుకునేదాన్ని సార్" అంది నవ్వుతూ. వాళ్లమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఎప్పుడొస్తావనే అడుగుతోందట. ఆమెనీ ఏమనలేం, అడ్వాన్స్ తీర్చాలి కదా.

లెక్క చెప్తా విను. నెలకి మూడు వేల చొప్పున నాలుగు నెలలు అవ్వ చేతికందితే ఆ పిల్ల పరీక్ష రాస్తుంది. నువ్వు టాపర్‌కి పెడదామనుకున్న డబ్బుతో ఇలాంటివాళ్లు ముగ్గురు గట్టెక్కుతారు.

డబ్బుతో పాటు ఇంకో పనుంది, అది నేను చూసుకుంటాలే. ఎనిమిదిలో ఎన్.ఎం.ఎం.ఎస్. స్కాలర్‌షిప్ పరీక్ష రాసి ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 కేంద్రం ఇస్తుంది. మనోళ్లకి అది ఎక్కడ ఆగుతుందనుకున్నావ్? బడి రికార్డులో లచ్చిమి, ఆధార్‌లో లక్ష్మి! ఆ పేరు దిద్దించాలంటే నాన్న కూలి మానుకుని ఆదోని చుట్టూ తిరగాలి. తిరగలేక వదిలేస్తారు.

ఒక్క షరతు. చెక్కు పట్టుకుని పిల్లతో ఫొటోలు దిగడం మనకొద్దు. బడిలో ఎవరు ఇస్తున్నారో తెలియాల్సిన పని లేదు, హెడ్మాస్టర్‌కి తెలిస్తే చాలు. డబ్బు కూడా నాకు పంపకు, నేరుగా అవ్వ ఖాతాలో నెలనెలా జమ చెయ్యి. ఒకేసారి వేస్తే అదీ బాకీకే పోతుంది.

సంక్రాంతికి వాళ్లమ్మ ఊరికొస్తోంది. పోతూ పోతూ పిల్లని వెంటబెట్టుకుపోతుందేమోనని నా టెన్షన్. ఆలోపు ఒక మాట చెప్పు, నేను పోయి ఆమెతో మాట్లాడతా. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
మామ