ముక్కు కారడమంతా జలుబు కాదు

సంపాదకుడు గారికి నమస్కారములు.

తలకు దెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరినవారిని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితంలో తెలుగులో ఒక్క హెచ్చరిక చేర్చాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మా చిన్నాన్న కొడుకు రొయ్యల గుంటల మీద పనిచేస్తాడు. నిరుడు కావలి దగ్గర హైవే మీద బైకు జారి పడ్డాడు. హెల్మెట్ లేదు, నుదుటికి గట్టి దెబ్బే తగిలింది. నాలుగు రోజుల్లో ఇంటికి పంపారు. నెల తిరక్కుండానే కుడివైపు ముక్కులోంచి నీళ్లు కారడం మొదలైంది. గట్టు మీద వంగి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే పైకి లాగినప్పుడల్లా చుక్కలు టపటపా రాలేవి. జలుబన్నారు, ఎలర్జీ అన్నారు. తరవాత పడుకుంటే దగ్గు, గొంతులోకి ఏదో ఉప్పగా దిగుతోందనేవాడు. ఎక్స్‌రేలో మచ్చలు కనబడితే నిమ్ము అన్నారు. కఫం పరీక్షలో క్షయ లేదని తేలాక కూడా ఐదు నెలల పాటు మందులు మారాయే తప్ప దగ్గు తగ్గలేదు. "బావా, ఈ తువ్వాలు ఆరినా బిరుసెక్కడం లేదు, చీమిడైతే గట్టిపడాలి గదా" అని మా మరదలు అన్న మాటను నాతో సహా ఎవరమూ పట్టించుకోలేదు. చివరికి చెన్నైలో ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరు సరిగ్గా ఆ సంగతే అడిగి, తల వంచి కూర్చోబెట్టి, రాలిన చుక్కలను సీసాలో పట్టి పరీక్షకు పంపారు.

కారింది మెదడు చుట్టూ ఉండే ద్రవం. అది మన తలలోనూ వెన్నులోనూ కలిపి సుమారు 150 మిల్లీలీటర్లే ఉన్నా, రోజుకు 500 మిల్లీలీటర్ల దాకా కొత్తగా ఊరుతూనే ఉంటుంది. ముక్కు పైకప్పుగా ఉండే జల్లెడలాంటి పలుచని ఎముక చిట్లి, దానికి అంటుకున్న పొర చిరిగితే, ఆ ద్రవం వంగినప్పుడు ముక్కులోంచి కారుతుంది, వెల్లకిలా పడుకుంటే గొంతు వెనకగా జారుతుంది. నిద్రలో కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి దిగితే అక్కడ వాపు పుడుతుంది. ఇది అరుదేనని ఒప్పుకుంటాను. కానీ అదే రంధ్రం గుండా ముక్కులోని క్రిములు పైకి పాకి మెదడు పొరలకు వాపు తెచ్చే ప్రమాదం ఉంది, అది ప్రాణాల మీదికే వస్తుంది. దెబ్బ తగలకపోయినా, తల లోపలి ద్రవం ఒత్తిడి పెరిగిన స్థూలకాయులైన స్త్రీలలో ఈ కారుడు కనిపిస్తుంది.

గుర్తించడం మాత్రం కష్టం కాదు. బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ ఉందో లేదో చూసే పరీక్షకు కొద్ది చుక్కలు చాలు. ఆ పదార్థం మెదడు ద్రవంలో ఉంటుంది, మామూలు చీమిడిలో ఉండదు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ఈ నమూనా తీసి ప్రయోగశాలకు పంపే ఏర్పాటు కచ్చితంగా ఉండాలి. పుర్రె తెరవకుండా ముక్కు ద్వారానే ఎండోస్కోపుతో రంధ్రం మూసే శస్త్రచికిత్స పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఫలిస్తుంది. మా తమ్ముడికి అదే చేశారు. కొన్ని వారాల్లో దగ్గు పోయింది, ఎక్స్‌రేలో మచ్చలు కూడా పలచబడ్డాయి.

నేను కోరే హెచ్చరిక ఇంతే: "ఒకవైపు ముక్కులోంచి నీళ్లలా కారుతున్నా, పడుకుంటే దగ్గు వస్తున్నా జలుబనుకోకండి, గట్టిగా చీదకండి, వెంటనే ఆస్పత్రికి రండి." అది కాగితం పైభాగంలో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. మా తమ్ముడికి ఇచ్చిన కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. రెండు పేజీల్లో అతని పేరు ఒక్కటే తెలుగులో ఉంది, అదీ అతను పెట్టిన సంతకం.

— ఒక పాఠకుడు, కావలి