వేసవి ఇంటర్నులకు ఊరితో పరిచయం కల్పించాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా మే, జూన్ నెలల్లో ఇతర జిల్లాల ఇంజనీరింగు విద్యార్థులు ఇంటర్న్‌షిప్పు కోసం రాజమహేంద్రవరం వస్తుంటారు. హైదరాబాదులోని పెద్ద కంపెనీలలోనైతే ఒకే బ్యాచిలో పదుల మంది ఉంటారు కనుక స్నేహాలు వాటంతట అవే కుదురుతాయి. ఇక్కడ చిన్న కార్యాలయాలలో ఒకరిద్దరికి మించి ఉండరు. తోటి ఉద్యోగులు సాయంత్రం కాగానే తమ ఇళ్లకు వెళ్లిపోతారు, అందుకు వారిని తప్పుపట్టలేం.

నేనూ అలా వచ్చినవాడినే. నాకు తొలి పరిచయాలు గౌతమీ గ్రంథాలయంలో, పోటీ పరీక్షలకు చదువుకుంటున్న యువకుల మధ్య దొరికాయి. 1898లో వాసురాయకవి నెలకొల్పిన గ్రంథాలయం నుంచి ఎదిగిన ఆ సంస్థలో, రోజూ ఒకే వేళకు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం వల్లనే పలకరింపులు మొదలై, పుష్కర ఘాట్‌లో గోదావరి హారతికి కలిసి వెళ్లేంత చనువు ఏర్పడింది. పెద్ద వేడుకల కన్నా ఇలా ఒకే చోటికి పదే పదే వెళ్లడమే కొత్తవారికి మేలు చేస్తుందని నా నమ్మకం.

అయితే బెరుకు అందరినీ వదలదు. ముఖ్యంగా చీకటి పడకముందే హాస్టల్ చేరవలసిన అమ్మాయిలకు ఇటువంటి అవకాశమే తక్కువ. అందువల్ల ఇంటర్నులను తీసుకునే సంస్థలు మొదటి వారంలోనే వారిని ఇతర సంస్థల ఇంటర్నులకు పరిచయం చేయాలని, నగరపాలక సంస్థ వేసవి ఆదివారాలలో గోదావరి గట్టు వెంట ఉదయపు నడకలు ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. మే ఎండలను బట్టి అవి ఆరు గంటలకే మొదలు కావాలి.

– ఒక ఇంటర్ను, రాజమహేంద్రవరం