ఆడిషన్ తర్వాత ఫోన్ రాకపోతే

సంపాదకులకు నమస్కారం.

శ్రావణమాసం దగ్గరపడితే హైదరాబాద్‌లో చీరల, నగల ప్రకటనలకు మోడళ్ల ఆడిషన్లు జోరందుకుంటాయి. ఎంపిక కానివాళ్లకు ఆ మాట ఎవరూ చెప్పరు. ఫోన్ రాదు, అంతే. కొత్తవాళ్లు ఎక్కువగా కుంగిపోయేది ఆ మౌనానికే.

ర్యాంప్ షోకు బట్టలు ముందే ఒక కొలతకు కుట్టి ఉంటాయి. జాకెట్టు భుజం దగ్గర అంగుళం జారితే చాలు, నడక ఎంత బాగున్నా ఇంకొకరిని పిలుస్తారు. అమ్మాయిలైతే ఎత్తు సాధారణంగా 5 అడుగుల 8 అంగుళాలకు తగ్గకూడదంటారు. అంత ఎత్తు లేనివాళ్లు అక్కడే తిరగడం కన్నా నగల ప్రకటనలకు వెళ్లడం మేలు; కెమెరా చూసేది ముఖం, మెడ, చేతులే.

ఆడిషన్ రోజే నోట్‌బుక్‌లో తేదీ, పని, వాళ్లన్న మాట రాసుకోవాలి. వారం తర్వాత ఒకే ఒక్క మెసేజ్ పెట్టి వదిలేయాలి. నడిచేటప్పుడు తల వంగుతోందనో, ఫొటోలు పాతవనో మూడుచోట్ల వినిపిస్తే దిద్దుకోవాలి. 'రంగు తక్కువ' లాంటి మాటలకు మాత్రం ఆ నోట్‌బుక్‌లో చోటివ్వకండి.

నిరాశలో కొందరు తిండి మానేస్తారు. నీరసంతో నడక ఇంకా చెడుతుంది. 'పోర్ట్‌ఫోలియోకు (ఫొటోల ఆల్బమ్‌కు) డబ్బు కట్టండి, ఛాన్స్ ఖాయం' అనే ఫోన్లకు లొంగేదీ అప్పుడే. మొదట్లో మేకప్ లేకుండా, కిటికీ వెలుగులో ముందు, పక్క, వెనక నుంచి తీసిన ఫొటోలు చాలు.

రెండు వారాలైనా నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

– కొందరు మోడలింగ్ శిక్షకులు, హైదరాబాద్